వన్స్‌మోర్ లేదు

28 జనవరి 1979, ఆదివారం. గుడివాడ

బందరు నుంచి కబురొచ్చింది. వచ్చే నెల పదిన, శనివారం, మా ‘గట్టు మీద గంగాళం’ అక్కడ ఆడాలి. గుడివాడ దాటి మా ట్రూపు వెళ్లడం ఇదే మొదలు.

షో కుదిర్చిన నాంచారయ్య గారు ఎన్నో ఏళ్లుగా బందరులో నాటకాలు కాంట్రాక్టుకి ఆడిస్తున్న మనిషి. హార్మోనియం ఎవరండీ అన్నారు. హార్మోనియం లేదన్నాను. పద్యాలు? లేవు. పరదా? లేదు. మరింకేం ఉందండీ బాబూ అన్నారు. పాటలు, ఒక డప్పు, రెండు కిరసనాయిలు డబ్బాలు, మనుషులు ఉన్నారన్నాను.

ఆఖర్న చెప్పాను, వన్స్‌మోర్ కూడా లేదని. నవ్వారు. మా బందరులో జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడున్న రాజు కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడండీ, తమరెంత అన్నారు. అందుకే లేదంటున్నాను అన్నాను.

31 జనవరి

అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. సఫియా అక్క పేరు నాటకంలో పెట్టాలట.

రెండో అంకంలో ఒక తల్లి గట్టు మీద నిలబడి, ఉప్పెనలో పోయిన పిల్లల్ని పేరుపేరునా అన్నానికి పిలిచే పాట ఉంది. నాలుగు పేర్లు. నాలుగూ నేను కల్పించినవే. ఎవరివో నాలుగు పేర్లు పట్టిన పాటలో నా కూతురి పేరు పట్టదా అంటుంది. అక్కను నాగాయలంక దగ్గర ఊరికిచ్చాం. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత శవం కూడా దొరకలేదు. ఫాతిహా చదువుకుందామంటే గోరీ కూడా లేదు, పాటలోనన్నా ఉంచరా సైఫూ అంటుంది.

నాటకం ఖబరస్తాన్ కాదమ్మా అన్నాను. ఆర్ట్ వేరు, ఇల్లు వేరు. అన్నం తినకుండా పడుకుంది. మొండిది. నేనూ ఆమె కొడుకునే.

4 ఫిబ్రవరి

రిహార్సల్. తల్లి పాట పాడే రాజకుమారి ఈరోజు బాగా పాడింది. చర్చి క్వైర్‌లో ఆరితేరిన గొంతు. కోడూరు వైపు మనిషి. ఆమె తమ్ముళ్లిద్దరూ ఉప్పెనలోనే పోయారు.

అయ్యాక దగ్గరికొచ్చి, ఈ పాట ఒక్కసారే కదండీ మేస్టారూ అంది. ఒక్కసారే అన్నాను. రెండోసారైతే మీరు రాసిన పేర్లు రావండీ, మా వాళ్ల పేర్లే వచ్చేస్తాయి, ఆ తర్వాత నా వల్ల కాదు అంది. మాటిచ్చాను. నా రూలు ఇలా కూడా పనికొచ్చింది.

దేవసహాయం ముఖం మాడ్చుకునే ఉన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి హార్మోనియం వాయించిన వాడిచేత డబ్బా కొట్టిస్తున్నానట.

10 ఫిబ్రవరి, మధ్యాహ్నం. బందరు పాసింజర్‌లో

దేవసహాయం దుప్పటి మూట ఒకటి సీటు కింద తోశాడు. ఏమిటంటే పక్కబట్టలన్నాడు. వడ్లమన్నాడు దగ్గర కుదుపుకి పక్కబట్టలు ‘సా’ అన్నాయి. బోగీ అంతా నవ్వింది. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

11 ఫిబ్రవరి. బందరు

రాసి పడేస్తే గాని స్థిమితం ఉండదు.

మొదటి అంకంలోనే గొణుగుడు మొదలైంది. పరదా కట్టడం మర్చిపోయారటండీ అని వెనకనుంచి ఒకడు. డబ్బాలు మోగేసరికి, కిరసనాయిలొచ్చింది క్యూ కట్టండ్రా అని ఇంకొకడు. హాలంతా ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు వరస పెద్దలు సోడాలకు లేచారు. నాంచారయ్య గారు నావైపు చూడటం మానేశారు.

రెండో అంకంలో రాజకుమారి పాట ఎత్తుకుంది. రా నాయనా, అన్నం చల్లారుతోంది. సోడాలకు లేచినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. పాట అయిపోయింది. ఎక్కడో వెనకనుంచి ఒక ముసలి గొంతు వన్స్‌మోర్ అంది. ఇక హాలంతా అదే కేక.

నేను స్టేజి మీదికి వెళ్లాను. వన్స్‌మోర్ లేదండీ, నాటకం సాగనివ్వండన్నాను. తిట్టారు. ఒక చెప్పు వచ్చి కాళ్ల దగ్గర పడింది. రాజకుమారి పక్కకొచ్చి, మీరు లోపలికెళ్లండి మేస్టారూ అంది. నీకు మాటిచ్చాను కదమ్మా అన్నాను. మాటిచ్చింది మీరండీ, నేను కాదుగా అంది.

పాడింది. చెప్పినట్టే నా పేర్లు రాలేదు. ఏసుబాబూ రా నాయనా అంది. సత్యవేదం, నువ్వూ రా అంది. అక్కడితో ఆమె తమ్ముళ్లు అయిపోయారు. గొంతు ఆగిపోయింది. దేవసహాయం డబ్బా పక్కన పెట్టి, మూట విప్పి, హార్మోనియం మీద ఒక్క స్వరం పట్టుకుని కూర్చున్నాడు. నేను వద్దనలేదు.

అప్పుడు ఇందాకటి ముసలి గొంతే, మా పెద్దింట్లమ్మనీ పిలువమ్మా అంది. రాజకుమారి పెద్దింట్లమ్మను అన్నానికి పిలిచింది. ఇంకో మూలనుంచి ఇంకో పేరు. మరొకటి. కిరసనాయిలు జోకు వేసినవాడు లేచి, మా మీరా సాహెబ్‌ని కూడా అని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అందర్నీ పిలిచింది.

నేను స్టేజి పక్కన నిలబడి ఉన్నాను. అక్క పేరు నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. రూలు పెట్టినవాణ్ణి ఏ మొహంతో అనను? బాధగా ఉంది, దానికంటే సిగ్గుగా ఉంది.

మూడో అంకం ఆడలేదు. ఎవరూ అడగలేదు కూడా. నేను రాసినవాటిలో అదే మంచి అంకం.

12 ఫిబ్రవరి

నాటకం బాగా జరిగిందా అంది అమ్మ. జరిగిందన్నాను. పేర్ల సంగతి చెప్పలేదు.

20 ఫిబ్రవరి

నాంచారయ్య గారు దివిసీమలో షో కుదిర్చారు, అవనిగడ్డలో. మూడో అంకం అక్కర్లేదటండీ, పాటా పేర్లూ ఉంటే చాలట అన్నారు. ఎక్కడలేని కోపం వచ్చింది. ఒప్పుకున్నాను.

పేర్ల సంగతి అమ్మకు దేవసహాయం చెప్పేశాడు. తనూ వస్తానంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

3 మార్చి. అవనిగడ్డ

పేర్లు ఆగకుండా వచ్చాయి, అక్క పేరు తప్ప. అమ్మ మూడో వరసలో నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుంది. పదిమందిలో నోరెత్తే మనిషి కాదు. నావైపే చూస్తోంది.

పాట అయిపోయింది. రాజకుమారి దండం పెట్టి వెనక్కి తిరిగింది.

వన్స్‌మోర్ అన్నాను.