ఇంగువ డబ్బా

ఆదివారం, 8 నవంబరు 2009

మా అమ్మాయి పద్మ గోధుమ ముట్టకూడదని డాక్టరు చెప్పాక, రెండేళ్లకు ఇవాళ దాన్ని మొదటిసారి హోటల్‌కు తీసుకెళ్లాను. ఇక్కడి బెంగాలీ హోటళ్లలో లూచీలు, అంటే మైదా పూరీలు, కాల్చిన నూనెలోనే చేపలూ వేయిస్తారని నా భయం. అందుకే ఏక్‌బాల్‌పూర్ పేటలో మన శ్రీకాకుళం అప్పన్న మావయ్య నడిపే ఇడ్లీ హోటల్‌కే వెళ్లాం.

“మన సాంబార్లో గోదుమ ఎక్కడుంటాదమ్మా? పప్పు, చింతపండు, సిటికెడు ఇంగువ. ఇంకేటీ నేదు,” అన్నాడు మావయ్య. నాకు ధైర్యం వచ్చింది. పద్మ మాత్రం చెంచా కింద పెట్టి, “ఆ ఇంగువ డబ్బా ఓపాలి సూపించు తాతా,” అంది. పదేళ్ల పిల్లకు ఇంత అనుమానమేమిటని నాకు సిగ్గేసింది.

డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. ఇంగువలో గోధుమపిండి కలిపారట! మావయ్య తెల్లబోయి సాంబారు తీసేశాడు, ఉత్త కొబ్బరి నూరించి ఇడ్లీలోకి పెట్టాడు.

ఇంటికొచ్చి వంటింటి అలమర చూశాను. అదే డబ్బా. బయటి తిండి వద్దని రెండేళ్లు పద్మను ఏడిపించాను. కడుపునొప్పి తగ్గడం లేదని కనపడిన దేవుడికల్లా మొక్కాను. రోజూ పప్పులో ఇంగువ వేసింది నేనే.

డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోతే పద్మ వచ్చి చూసింది.

“రేపు పప్పులో ఎల్లుల్లి ఎయ్యమ్మా. అదే బాగుంటాది,” అంది.