పసుపు రంగు పడిన పొలాలు

మంగళవారం రాత్రి, సబ్బవరం

నగరాభివృద్ధి సంస్థ వాళ్ల కొత్త ప్లాన్ మ్యాపులో మా వరి పొలాలన్నిటికీ ఇళ్ల స్థలాల పసుపు రంగు వేశారు. వాటిని సాగుభూమిగానే ఉంచమని అడగడానికి ఈరోజు నేనూ, పక్క పొలం సత్యం బావా వైజాగ్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. ఇంటింటికీ తిరిగి అర్జీ మీద సంతకాలు పెట్టించింది మేమిద్దరమే.

అర్జీ చదివిన ఆఫీసరు, "అందరిదీ ఇదే మాటేనా?" అని అడిగారు.

బావ లేచాడు. "నా సంతకం కొట్టీండి బాబూ. నాను అమ్మేత్తన్నాను."

బయటికొచ్చాక బావను మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను. "ఏటి బావా ఇది?"

"పైనున్న ప్లాట్ల మురుగంతా నా సేలోకే దిగిపోతంది. రెండు పంటలు కుళ్లిపోనాయి. ఏటి సెయ్యమంటావు, సెప్పు?"

"నువ్వమ్మేత్తే అక్కడా ప్లాట్లేత్తారు. అప్పుడా మురుగు నా సేలోకే కదా వత్తాది?"

బావ ఏడ్చేశాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. బావ మీద కోపం తెచ్చుకోవాలని దారంతా చూశాను, రాలేదు. సంతకాలు పెట్టినవాళ్లకు రేపు ఏం చెప్పాలో తెలియడం లేదు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఆ మురుగు నా మళ్లలో నిలిచిన రోజున నేను మాత్రం అమ్మకుండా ఎన్నాళ్లు ఆగగలను?