లత తరఫున మాట్లాడేదాన్ని

జూలై 8, మంగళవారం
ఆఫీసులో ఈరోజు నుంచి సైగల భాష క్లాసు. వినికిడి లేని ఉద్యోగుల కోసం కొత్తగా పెట్టిన గ్రూపు వాళ్ల ఏర్పాటు. మా టీమ్‌లో వినపడనిది లత ఒక్కతికే. మూడేళ్లుగా ఆమె పక్క కుర్చీ నాది. మీటింగులో ఎవరేమన్నా నేనే టైప్ చేసి చూపిస్తాను. నాకెందుకు క్లాసు... వెళ్లలేదు.

జూలై 10, గురువారం
టెస్టింగ్‌లో చేసే సుధీర్ వెళ్తున్నాడు. నాలుగు సైగలు నేర్చుకొచ్చి లత ముందు చేతులు తిప్పాడు. ఏదో తప్పు చేసినట్టున్నాడు — లత పొట్ట పట్టుకుని నవ్వింది. నా టైపింగ్‌కు ఎప్పుడూ అలా నవ్వలేదు.

జూలై 18, శుక్రవారం
క్యాంటీన్‌లో ముగ్గురం. వాళ్లిద్దరి చేతులూ ఆగవు. పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాను. చివరికి "ఏమంటున్నది?" అని సుధీర్‌ని అడిగాను. లత మాట నేను ఇంకొకరిని అడగడం.
"ఏం లేదక్కా, సాంబారు గురించి."
అంతసేపు సాంబారు గురించేనా.

జూలై 22, మంగళవారం
మేనేజర్ పిలిచారు. గ్రూపుకు మా ఫ్లోర్ నుంచి ఒక లీడ్ కావాలి.
"లత చేస్తదా? నీకే కదా ఎరుక."
"ఆమెకు గివన్నీ ఇష్టముండయి సార్. నలుగురి ముంగట నిలబడాలంటే పరేషాన్ అయితది."
లతను అడగలేదు. అడగాలని తట్టలేదు అని రాయబోయాను — తట్టింది. లీడ్ అయితే ప్రతి ఫ్లోర్‌లోనూ స్నేహితులు వస్తారు. అప్పుడు నేనెందుకు?

జూలై 24, గురువారం
లీడ్‌గా సుధీర్ పేరు వచ్చింది. చెవులు బాగా వినపడే సుధీర్. ఆ మెయిల్‌ను లత రెండుసార్లు చదివింది. ఫోన్‌లో టైప్ చేసి నా ముందు పెట్టింది — "నన్ను ఎవరూ అడగలేదేంటి?"
"ఏమో" అని టైప్ చేశాను.

జూలై 25
ఒకటే కోపం. వాడి మీదో, నా మీదో.

జూలై 28, సోమవారం
లతకు తెలిసిపోయింది. సుధీరే మేనేజర్ దగ్గరికి వెళ్లాడట. తను తప్పుకుంటాను, లతకివ్వండి అన్నాడట. "రేణుకనే వద్దన్నది కదా" అని నా పేరే చెప్పారట ఆయన, లత అక్కడ ఉండగానే. సుధీర్ ఆ మాటను సైగల్లో ఆమెకు చెప్పాడు. మంచివాడే. అదే భరించలేను.
సాయంత్రం రాయదుర్గం మెట్రో దాకా ఇద్దరం నడిచాం. మెట్ల దగ్గర లత ఆగింది. ఫోన్ తీసి ఏదో టైప్ చేసింది, చెరిపేసింది. ఫోన్ బ్యాగులో పెట్టి, నా కళ్లలోకి చూస్తూ చేతులతో చెప్పింది. నిదానంగా. రెండుసార్లు.
అర్థం కాలేదు. అయినా తల ఊపాను. మెట్లెక్కి వెళ్లిపోయింది.

జూలై 29, మంగళవారం
పొద్దున అద్దం ముందు ఆ సైగ చేసి చూసుకున్నాను. చెయ్యి ఛాతీ మీద, తర్వాత వేళ్లు ముడిచి దూరంగా... ఎందుకు చేశావనా? ఇక చాలనా?
లత ఇవాళ సెలవు. ఆ సైగకు అర్థం చెప్పగలిగేది సుధీర్ ఒక్కడే. టీ మెషీన్ దగ్గర ఒంటరిగా దొరికాడు.
"ఏందక్కా, జర డల్‌గున్నవ్?"
ఆ సైగ చూపిద్దామని చెయ్యి ఛాతీ దాకా లేపాను. అదే చేత్తో చున్నీ సర్దుకున్నాను.