ఇంజన్‌కు పెట్టిన పసుపు

దసరా మర్నాడు.

గిన్నెలు రెండుసార్లు తోమాను, బట్టలు రెండు బకెట్లు ఉతికాను, ట్రాలీ బండి రోగం కనిపెట్టాను.

పొద్దున స్టార్ట్ చేస్తే బండి వణుకుతూ, మధ్యమధ్య దగ్గుతూ ఉంది. రేపు తెల్లారేసరికి నల్లగొండకు బత్తాయి లోడు వేయాలి, లేదంటే ఆ కిరాయి వేరేవాళ్లకు పోతుంది. మొన్న బండి తీసుకెళ్లింది మరిది సైదులు కాబట్టి చెడగొట్టింది అతనే అని తేల్చేశాను. మధ్యాహ్నం ఇంటికొస్తే చాయ్ కూడా పోయలేదు.

మా ఆయన ఫిల్టర్ మార్చారు, పెట్రోల్ మార్చారు, నిమ్మకాయలు తొక్కించారు.

"అన్నీ ఒక్కసారే మారిస్తె ఏది చెడ్డదో ఎట్ల తెలుస్తది? ఒక్కొక్కటి చూడుండ్రి" అన్నాను.

ఇంజన్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు. మొదటిదాని వైరు తీసి తాళం తిప్పితే బండి స్టార్టే కాలేదు. అది తిరిగి పెట్టి, రెండోదాని వైరు తీస్తే ఎప్పటిలాగే వణికింది. అంటే రెండోది అసలు పనిచేయడమే లేదు. టార్చి వేసి చూస్తే ఆ ప్లగ్గు గుంతలో పసుపు నీళ్లు. నిన్న ఆయుధపూజకు సీటెత్తి, చెంబెడు నీళ్లతో ఇంజన్ కడిగి పసుపు రాసింది నేనే.

ఆయన గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

గుడ్డతో తుడిచి, ఆరాక బిగిస్తే బండి హాయిగా నడిచింది. అప్పుడే సైదులు వచ్చి పసుపంటిన గుడ్డ చూశాడు.

"ఏంది వదినా, ఇంజన్‌కు నలుగు పెట్టినవా?"

"చాయ్ తాగుతవా?" అన్నాను.

సైదులుకు బాకీ, చాయ్ ఒకటి. రెండు గ్లాసులు పోశాను, గారెలతో. తీరింది.