ఒకే బంతిలో రెండు దళాలు

మార్చి, 1981

మంగా,

ఈ వేసవికి వచ్చేస్తానని మాటిచ్చాను. రావడం లేదు. చివరిదాకా చదివాకే కోప్పడు.

ఆఫ్రికాలో నా పనేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైంది. అడవుల్లో ఉండి తెల్లవాళ్లతో పోరాడిన దళాలు రెండు. వాటిలో వాటికీ పగే. ఆ రెండింటినీ కలిపి ఒకే సైన్యంగా చెయ్యడానికి మన సర్కారు నాలాంటి సుబేదార్లను పంపింది. మొదట్లో వీళ్లు ఒక బల్ల దగ్గర అన్నం కూడా తినేవారు కాదు.

జనవరిలో మోజెస్ అనే జవాను గ్రెనేడు పిన్ను లాగి, భయంతో కాళ్ల దగ్గరే పడేశాడు. దళంలో సామాన్లు మోసినవాడే తప్ప అదెప్పుడూ పట్టి ఎరగడు. వాణ్ణి కందకంలోకి తోసి మీద పడ్డాను. ఇద్దరం బతికాం. నాకు ఒక చెవి వినపడకుండా పోయింది. జ్వరమని నీకు రాసింది అబద్ధం.

అవతలి దళంవాళ్లు కావాలనే చేశాడన్నారు. తుపాకుల దాకా వచ్చింది. కట్టుతోనే ఆసుపత్రి నుంచి వచ్చి మధ్యలో నిలబడి, "భయపడ్డాడు. మొదటిసారి నేనూ భయపడ్డాను" అన్నాను. మోజెస్‌ని పక్కన నిలబెట్టుకుని, అందరి ముందూ మళ్లీ విసిరించాను. ఈసారి దూరంగా పడింది. ఆ సాయంత్రం అవతలి దళంవాడొకడు, ఎవరూ చెప్పకుండానే, కంచం తీసుకుని వాడి పక్కన కూర్చున్నాడు.

నన్ను ఇంటికి పంపిస్తామన్నారు. ఇప్పుడు వచ్చేస్తే వీళ్లు మళ్లీ విడిపోతారేమోనని, ఇంకో ఏడాది ఉండడానికి ఒప్పుకున్నాను. నిన్నడగలేదు. క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.

నీ వెంకటరామరాజు

*

భీమవరం
ఏప్రిల్, 1981

ఏవండీ,

మీ ఉత్తరం చూశాక పూటంతా అన్నం ముట్టలేదు. అత్తయ్యగారే కంచం తెచ్చి ముందు పెట్టి, "వాడక్కడ కొట్టుకు చచ్చేవాళ్లని ఒక బంతిలో కూర్చోబెడుతుంటే, నువ్వేంటే ఇక్కడ అలిగి కూర్చున్నావు" అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తిన్నాను.

ఉంటానన్నందుకు కాదండీ నా కోపం. మీరు దెబ్బ తిని ఆసుపత్రిలో ఉంటే, నేనిక్కడ మా తమ్ముడి పెళ్లిలో నవ్వుతూ తిరిగాను. ఇప్పుడు ఆ పెళ్లి తలచుకోలేకపోతున్నాను. అలా దాచకండి ఇంకెప్పుడూ.

నేనూ మిమ్మల్ని అడక్కుండా ఒక పని చేశాను. అక్కడికి భార్యల్ని తీసుకెళ్లొచ్చట. మా సూర్యనారాయణరాజు అన్నయ్య మిలటరీవాళ్లని అడిగి కనుక్కున్నాడు. పాస్‌పోర్టుకి పెట్టేశాం. "మనవరాలిని నేను చూసుకుంటాలే, వెళ్లు" అని అత్తయ్యగారే తొందరపెడుతున్నారు.

పోయింది ఏ చెవో రాయలేదు మీరు. రాయండి. నేను రెండోవైపు కూర్చోవాలి.

మీ మంగ