శుక్రవారం ఆగే మిషను

బందరు,
8-7-1978, శనివారం.

భాయికి బషీరా సలాములు.

అబ్బా, అమ్మీ, నేను అల్లా దయవల్ల బాగున్నాం. మద్రాసులో నీ ఒంటికీ నీ ఉద్యోగానికీ ఏ లోటూ రాకూడదని అమ్మీ అయిదు పూటలా దువా చేస్తోంది. పెద్దవాళ్ళ తరఫున రాయాల్సింది రాశాను. ఇక ఇది నా మాట.

ఈ ఉదయం మన సోడా కొట్టు మెట్టు మీద ఒక జత చెప్పులు చూశాను. తోలు అంచు చుట్టూ తెల్లటి గీత ఉంది. వేలితో గీరి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఆ చెప్పులు గుడివాడ నుంచి వచ్చే మనిషివి. గుడివాడలో ఉప్పు నేల ఎక్కడుంది?

ఆ మనిషి పేరు శోభనాద్రి. యాభై దాటి ఉంటాయి. ఉప్పెన తర్వాత అబ్బాకి ఎక్కడో పరిచయమయ్యాడు. ఎక్కడ అని అడిగితే అబ్బా చెప్పరు. నవంబరులో కొట్టు పైకప్పు లేచిపోయి, కుర్రాళ్ళు బొత్తాలు నొక్కి ఆడే గోలీలాట మిషనులోకి నీళ్ళు వెళ్ళిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత ఉక్కు గోలీని స్ప్రింగు తన్నలేదు, గంట మోగలేదు, కింద రెండు రెక్కలూ బొత్తం నొక్కినా కదల్లేదు. కుర్రాళ్ళు ఆ మిషను కోసం వచ్చి సోడా తాగేవాళ్ళే గాని, సోడా కోసం వచ్చేవాళ్ళు ఎంతమంది? అది ఆగితే మన కొట్టూ ఆగినట్టే. అందుకే అమెరికాలో దాన్ని చేసిన కంపెనీకి నేను ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. అంత పాత మిషనుకి తమ దగ్గర ఒక్క స్క్రూ కూడా మిగల్లేదని మర్యాదగా జవాబిచ్చారు.

అలాంటి మిషనుకి ఈ మనిషి సామాన్లు తెస్తున్నాడు. మొదట స్ప్రింగు తెచ్చాడు. తర్వాత రెక్కలకి తొడిగే రబ్బరు రింగులు, గంట నాలుక. కంపెనీకే దొరకనివి ఈయనకి ఎక్కడ దొరుకుతున్నాయి? డబ్బు ఇస్తే తీసుకోడు. సోడా తాగి వెళ్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు, మాట్లాడుకోరు. నేను వెళ్తే మాత్రం అబ్బా ఏదో ఒక పని చెప్పి లోపలికి పంపేస్తారు.

అసలు సంగతి వేరే ఉంది. బాగుపడ్డ మిషను మళ్ళీ శుక్రవారమే ఆగుతోంది. ప్రతి శుక్రవారం ఏదో ఒక ముక్క మాయమవుతుంది. విరిగి కింద పడి చీపురుకి పోయి ఉంటుందంటారు అబ్బా. శనివారం ఆ మనిషి దిగుతాడు, ఆ ముక్కకి బదులు ఇంకేదో తెచ్చి బిగిస్తాడు. పక్క కొట్టు దర్జీ సుందరరాజు గారు, సాయిబు గారి మిషను కూడా జుమ్మా నమాజుకి వెళ్తోందని అందరికీ చెప్పి నవ్విస్తున్నారు. నాకు నవ్వు రావడం లేదు. అబ్బా కొట్టు రెండో తాళంచెవి ఆ మనిషికి ఇచ్చారు. బండి త్వరగా వచ్చిన రోజు ఆయన ఎండలో నిలబడకూడదట. శుక్రవారం మధ్యాహ్నం అబ్బా మసీదులో ఉంటారు, కొట్టు మూసి ఉంటుంది. ఆ వేళకి ఆయన్ని బందరు బస్టాండులో చూశానని సుందరరాజు గారే అన్నారు.

నా ఊహ రాస్తాను, కోప్పడకు. ఆ మనిషి మన మిషనులోంచి మంచి సామాను ఒక్కొక్కటే తీసి, నాసి సామాను పెడుతున్నాడు. మన మిషనుని ముక్కలుగా గుడివాడ మోసుకెళ్తున్నాడు. ఏదో ఒక రోజు అక్కడ మిషను ఆడుతుంది, ఇక్కడ చెక్కపెట్టె మిగులుతుంది.

మద్రాసు హార్బరు దగ్గర ఓడల పాత సామాను అమ్మేవాళ్ళు ఉంటారు కదా, ఈ మిషను సామాను ఎవరి దగ్గరైనా ఉందేమో విచారించు. మనకే ఉంటే ఇక ఆ మనిషితో పని ఉండదు.

నీ చెల్లెలు,
బషీరా.


బందరు,
29-7-1978, శనివారం.

భాయికి సలాములు.

మేమంతా కులాసా. రంజాను దగ్గరపడిందని అమ్మీ ఇల్లు కడగడం మొదలుపెట్టింది. మిషను అద్దం మీది బొమ్మలో సర్కసు అమ్మాయి కాళ్ళకి కొత్త కేలెండరు కాగితం అంటించింది. పాతది ఎవరో కుర్రాడు గోరుతో ఊడబీకాడు.

నీ కార్డు చూసి ఎంత తేలికపడ్డానో. మూర్ మార్కెట్లో ఒకాయన దగ్గర అచ్చం మన మిషనే విడదీసి ఉందనీ, స్ప్రింగులు, రింగులు, గంటలు, గోలీ తగలగానే వెలిగే ఆ ప్లాస్టిక్ గొడుగులు కూడా ఉన్నాయనీ రాశావు. ఆలస్యం చెయ్యకు. అంతా పార్సిలు కట్టించి పంపు. కానీ అబ్బా పేరున వద్దు, నా పేరున పంపు. అబ్బాకి ముందే తెలిస్తే ఆ మనిషికి చెప్పేస్తారని నా భయం.

నేను ఒక పరీక్ష పెట్టాను. గురువారం సాయంత్రం మిషను తలుపు తీసి, లోపల నాకు అందిన ప్రతి ముక్క మీదా ఎర్ర సిరా చుక్క పెట్టాను. శుక్రవారం ఎడమ రెక్క స్ప్రింగు మాయమైంది. ఈ రోజు ఆ మనిషి తెచ్చిన స్ప్రింగు మీద చుక్క లేదు. అంటే మన ముక్క ఆయన తిరిగి తేవడం లేదు, దాచుకుంటున్నాడు. ఇంకా రుజువు ఏం కావాలి?

ఇంకో మాట ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన శుక్రవారం బందరులో దిగి, దివిసీమలోని కోడూరు వెళ్ళే బస్సు ఎక్కుతాడట. రాత్రికి అటే ఉండి, పొద్దున్న మళ్ళీ ఇక్కడికి వస్తాడు. చెప్పుల మీది ఉప్పు అక్కడిది. ఉప్పెన తర్వాత దివిసీమలో యజమానులు లేని ఇళ్ళలో ఏమేం జరిగాయో నువ్వు పేపర్లో చదివే ఉంటావు. ఈ రోజు ఆయన తెచ్చిన స్ప్రింగు చుట్టల మధ్య నల్లటి బురద గట్టిపడి ఉంది. అది ఎవరి ఇంట్లోది? చనిపోయినవాళ్ళ సామాను మన మిషనులో గోలీని తన్నుతోందేమో అనుకుంటే ఆ గంట మోత వినలేకపోతున్నాను.

అబ్బాతో అన్నాను. ఆయన, సోడాలు పట్టే వేళైంది, బుడ్లు కడగమన్నారు.

పండక్కి వచ్చేటప్పుడు పోలీసులో ఉన్న నీ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వస్తానన్నావు. తీసుకురా. పార్సిలు వచ్చాక, నువ్వు వచ్చాక, ఆ మనిషికి మర్యాదగా ఒక దణ్ణం పెట్టి తాళంచెవి వెనక్కి తీసుకుందాం.

నీ చెల్లెలు,
బషీరా.


బందరు,
9-9-1978, శనివారం.

భాయికి చెల్లెలి ఈద్ ముబారక్, ఆలస్యంగా.

సెలవు దొరక్క నువ్వు రాలేదని అమ్మీ నీ వాటా సేమియా కూడా మాకే పెట్టింది. నువ్వు రాకపోవడమే మంచిదయింది. ఎందుకో రాస్తాను.

ఈ ఉదయం శోభనాద్రి గారు చెప్పులు విడిచి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు. చేతిలో రుమాలు మూట. దాన్ని అబ్బా చేతిలో పెట్టారు, అబ్బా విప్పారు. లోపల ఎర్రటి ప్లాస్టిక్ గొడుగు ఉంది. మిషను మధ్యలో ఉండి ఉప్పెనలో పగిలిందే, అచ్చం అలాంటిది. అంచున అమెరికా కంపెనీ అక్షరాలు కూడా ఉన్నాయి. అబ్బా దాన్ని వెలుతురుకి పెట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి చూశారు. ఎక్కడ దొరికిందని అడిగితే శోభనాద్రి గారు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం ఇదే మొదటిసారి.

"ఎతికితే దొరక్కుండా ఎక్కడికి పోద్ది సాయిబు గారూ," అన్నారు.

ఆయన్ని ఇప్పుడు గారు అంటున్నానని నీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. మొదటి నుంచి రాస్తాను.

రంజాను మొదటివారంలో, పెడనలో స్నేహితురాలి ఇంటికని చెప్పి పాసింజరు ఎక్కాను. పెడనలో దిగలేదు, గుడివాడ వెళ్ళాను. ఒంటరిగా అంత దూరం వెళ్ళడం నాకు అదే మొదలు. శోభనాద్రి గారి ఇల్లు ఎక్కడని అడగడానికే స్టేషను బయట చాలాసేపు నిలబడ్డాను. పాత ఇనప సామాను కొట్టు కృపానందం గారిని అడగమన్నారు. ఆ కొట్టు వెనక గదిలోనే శోభనాద్రి గారు ఉంటారు, వాళ్ళ అక్కగారితో. గది తలుపు తీసే ఉంది. నేను మన మిషను కోసం చూశాను. ఒక మంచం, మేకుకి ఒక చొక్కా. అంతే.

కృపానందం గారు నన్ను కూర్చోబెట్టి సోడా తెప్పించబోయారు, రోజా ఉపవాసంలో ఉన్నానని చెప్పాను. ఫలానా సాయిబు గారి అమ్మాయినని తెలియగానే ఆయన ముఖం మారిపోయింది. శోభనాద్రి గారు కోడూరు మనిషట. సెంటర్లో సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు ఉండేదట. ఉప్పెన రాత్రి ఆయన పని మీద గుడివాడలో అక్కగారింట ఉండిపోయారు. కోడూరులో ఆయన ఇంట్లోవాళ్ళు ఒక్కరూ మిగల్లేదట. మళ్ళీ గుడివాడ వచ్చాక పొద్దున్నే అక్కగారు చెయ్యి పట్టుకుని తెచ్చి కొట్టు ముందు కూర్చోబెట్టేవారట. కూర్చోబెట్టినచోట సాయంత్రం దాకా అలాగే ఉండేవారట. అన్నం కలిపి పెడితే తినేవారు, లేకపోతే లేదు.

"ఓ రోజు లేచొచ్చి, గంటకి నాలిక కావాలి, ఉందా అనడిగాడమ్మా. ఆయన గొంతు వినడం నాకదే మొదలు," అన్నారు కృపానందం గారు.

అప్పటినుంచి కుప్పలన్నీ తిరగేస్తారట. తిరగేసి, ఇనుము ఒక పక్క, ఇత్తడి ఒక పక్క సర్ది మరీ వెళ్తారట. తనకి కూలీ ఖర్చు తప్పిందని కృపానందం గారు నవ్వారు. గుడివాడలో దొరకనివాటి కోసం పామర్రు వెళ్తారు, బియ్యం మిల్లుల్లో అడుగుతారు. అక్కడా లేకపోతే శుక్రవారం కోడూరు వెళ్ళి బురద తవ్వుతారు.

ఎవరి బురద అని అడిగాను. ఆయన సొంత కొట్టుదేనమ్మా అన్నారు.

తిరుగు బండిలో కిటికీ దగ్గర కూర్చుని, బయట ఏముందో చూడకుండా వచ్చాను. అయినా అనుమానం ఎంత మొండిదో చూడు. ఆయన దొంగ కాకపోతే మరి ముక్కలు తీస్తున్నదెవరు? ఆ గురువారం మళ్ళీ చుక్కలు పెట్టాను. ఈసారి సిరా చిక్కగా పెట్టాను. ఇనుము మీదా రబ్బరు మీదా, అందులోనూ నూనె ఉంటే, సిరా సరిగ్గా ఆరదు. శుక్రవారం కుడి రెక్క రింగు లేదు. సాయంత్రం ఇఫ్తారుకి అబ్బా నాకు ఖర్జూరం అందిస్తుంటే, ఆయన బొటనవేలి గోరు కింద ఎర్రగా ఉంది.

నేను ఆ వేలినే చూస్తున్నానని అబ్బా గమనించారు. ఖర్జూరం తినమన్నారు. నమాజు అయ్యాక కొట్లోకి తీసుకెళ్ళి, పగిలిన సోడాబుడ్ల పెట్టె ముందుకు లాగారు. గాజు పెంకుల కింద గుడ్డమూటలో అన్నీ ఉన్నాయి. నా చుక్కలతో సహా.

ఉప్పెన తర్వాత మసీదు నుంచి బియ్యం లారీతో అబ్బా దివిసీమ వెళ్ళారు, నీకు గుర్తుండే ఉంటుంది. కోడూరులో ఒక మనిషి బురద మీద కూర్చుని ఉన్నాడట. బియ్యం ఇస్తే చెయ్యి చాచలేదు. అక్కడ సైకిలు చక్రం ఒకటి పైకి కనిపిస్తోంది. ఏం మాట్లాడాలో అబ్బాకి తెలియలేదు. మన అబ్బా సంగతి నీకు తెలుసు కదా, ఓదార్చడం రాదు. మా కొట్లో ఒక మిషను ఉంది, దానికి స్ప్రింగు కావాలి, సైకిలు సీటుది అయినా పనికొస్తుంది అన్నారట. అన్నాక, ఇలాంటి చోట ఇదేం మాట అని సిగ్గుతో చచ్చిపోయారట. ఆ మనిషి మాత్రం లేచి, చేతుల్తో బురద తవ్వడం మొదలుపెట్టాడు.

"ఆ స్ప్రింగు దొరికేసింది. ఇక ఇంకోటి అడగాల్సొచ్చింది," అన్నారు అబ్బా. మూట మళ్ళీ కడుతూ, "ఏమీ పోలేదంటే ఆయన వచ్చేదెందుకమ్మా?" అన్నారు.

అందుకని శుక్రవారం జుమ్మాకి వెళ్ళే ముందు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చారు. శనివారం శోభనాద్రి గారు ఒకటి బిగిస్తే, వచ్చే వారానికి ఏం పోగొట్టాలో ఆలోచించుకుని, ఆ ముక్క అరిగిపోతోందని ఆయనకి ముందే చెప్పి పంపేవారు. పెద్దవి పోగొడితే దొరకవు, దొరక్కపోతే ఆయన మళ్ళీ కూలబడతారు. చిన్నవి అయిపోవచ్చాయి. అబ్బాకి ఈ మధ్య నిద్ర పట్టకపోవడం కొట్టు గురించని అనుకున్నాను. దీని గురించి.

కాబట్టి భాయీ, నీ పోలీసు స్నేహితుడికి ఏదైనా చెప్పి ఉంటే, నీ చెల్లెలికి డిటెక్టివ్ పుస్తకాల పిచ్చి ముదిరిందని చెప్పెయ్యి. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఎర్ర గొడుగు బిగించాక ఈ రోజు సుందరరాజు గారు కూడా ఒక ఆట ఆడారు. గొడుగు వెలిగినప్పుడల్లా శోభనాద్రి గారు మాకు వీపు తిప్పి నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు, మిషనులో ఇలాంటివి ఇంకెన్ని ఉండాలో అబ్బాని అడిగి తెలుసుకున్నారు. అబ్బాకి ఇంకా అర్థం కావడం లేదు, ఆ గొడుగు గుడివాడలో ఎలా దొరికిందో. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట.

నీ ఆరోగ్యం జాగ్రత్త. చలికాలం మొదలవకముందే ఒకసారి రా.

నీ చెల్లెలు,
బషీరా.

తా.క. నీ పార్సిలు పండగకి ముందే అందింది, ఏదీ పగల్లేదు. మర్నాడే గుడివాడ తీసుకెళ్ళి కృపానందం గారికి అప్పజెప్పాను. పాత సైకిళ్ళ కుప్ప అడుగున, ఒక్కొక్కటి ఒక్కోచోట పెట్టించాను. ఎర్ర గొడుగు ఒక్కటే కాస్త పైన పెట్టమన్నాను.