మా అక్క చేతిది తప్పు కాదని కాగితం ఇప్పించుట గురించి

సముఖమునకు: నీటి కాలుష్య నివారణ శాఖ అధికారి వారు
అర్జీదారు: నూలు అద్దకం షెడ్డు యజమాని (షెడ్డు ప్రస్తుతం మూసి ఉన్నది)

అయ్యా,

విషయం: నా షెడ్డుకు తమరు దయచేసిన యోగ్యతాపత్రమును రద్దు చేసి, మా అక్క బావి నా వల్లనే చెడిపోయినదని ధ్రువీకరిస్తూ కార్యాలయ ముద్రతో కాగితం ఇప్పించుట గురించి.

తమరికి రోజూ వచ్చే అర్జీలన్నీ పక్కవాడి మీద వచ్చేవే అయి ఉంటాయి. ఇది నా మీద నేనే పెట్టుకుంటున్న అర్జీ. మొదటిసారి తెచ్చినప్పుడు తమరి గుమాస్తాగారు దీన్ని ఏ ఫైలులో పెట్టాలో తెలియక తిప్పి ఇచ్చేశారు. ఫిర్యాదుదారు మీరైతే ప్రతివాది ఎవరండీ అని అడిగారు. ఆ రెండోవాణ్ణీ నేనేనని మనవి చేసుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా వెంటబెట్టుకు రమ్మన్నారు. మా ఇంట్లో పెద్దది మా అక్కే. ఆవిణ్ణి తీసుకురావడం కుదరదు కనుక నేరుగా తమరికే వ్రాసుకొనుచున్నాను.

1. నేను చిన్నతనం నుండి నూలు అద్దకం పనిలో ఉన్నవాడను. నూలుకి రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు పోయాలి. ముదురు రంగైతే బస్తాలకి బస్తాలు పోయాలి. ఆ ఉప్పు రంగుని నూలులోకి తోసేసి తాను మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. పని నేర్చుకునే ప్రతివాడికీ ఎంత ఉప్పు పోయాలో చెప్తారు. పోసింది తర్వాత ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. నేనూ అడగలేదు.

2. నీళ్లు శుద్ధిచేసే మిషను రాక ముందు మా షెడ్డు నీళ్లు వీధి చివరి కాలవలో కలిసేవి. కాలవ ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారేది. దారిన పోయేవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత తలెత్తి నా షెడ్డుని చూసేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. అందుచేత తమరి శాఖ ఆమోదించిన శుద్ధి మిషనుని వీధిలో అందరికంటే ముందు నేనే పెట్టించితిని. ఇటు నుంచి రంగునీళ్లు పోతే అటు నుంచి తేటనీళ్లు వచ్చాయి. తమరే స్వయంగా విచ్చేసి, ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. నా చేతికీ ఒక గ్లాసు ఇప్పించారు. ఇద్దరం గ్లాసులు పట్టుకుని ఫోటో దిగాం. తమరు తాగలేదు, నేనూ తాగలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, తమరికీ తట్టి ఉండదు.

3. అద్దకం వాడికి కళ్లే సర్వస్వం. మా పనిలో శుభ్రమంటే రంగు లేకపోవడం. నూలుని ఆఖరు కడుగు నీళ్లు తేటగా వచ్చేదాకా జాడిస్తాం. తేటగా వచ్చాయంటే ఇక చేతులు దులుపుకోవడమే. మిషను నీళ్లనీ ఆ కంటితోనే చూసి, తేటగా ఉన్నాయి గనుక మంచివే అనుకున్నాను. ఏ వంటవాడో అయి ఉంటే ఒక చుక్క నాలిక మీద వేసుకునేవాడు. తమరు బిగించిన మీటరు కూడా రంగునే చూస్తుంది, రంగు కనపడకపోతే పచ్చదీపం వెలిగిస్తుంది. దాన్ని నిందించి లాభం లేదు, అది తనకి చెప్పిన పని చేసింది.

4. మిషను వచ్చాక నాకు భయం పోయింది. భయం పోయాక తొట్లు పెంచాను. పూర్వం కాలవ సంగతి గుర్తొచ్చి ముదురు రంగుల పని వస్తే కొంత వెనక్కి పంపేసేవాణ్ణి. తర్వాత దేనికీ కాదనలేదు. "మిషనుంది కదా" అన్నది మా ఇంట్లో ఊతపదమైంది. కాలవలోకి వదలకుండా, షెడ్డు వెనక ఇంకుడు గుంత తవ్వించి అందులోకి వదలమని తమరి శాఖవారే సెలవిచ్చారు. భూమిలో నీరు పెరుగుతుందని మెచ్చుకున్నారు కూడా. ఆ గుంతకీ మా అక్క బావికీ మధ్య ఒక ప్రహరీగోడ ఉంది. గోడ నేల పైనే కదా అడ్డం.

5. మా అక్క గురించి మనవి చేసుకోవాలి. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ కూడా సరిగా లేదు. నన్ను ఎత్తుకు తిరిగింది, తిట్టింది, పెంచింది అక్కే. ఆవిడ ఆ బావి నీళ్లతోనే మొక్కల నర్సరీ నడుపుతుంది. అక్క గుచ్చితే ఎండుపుల్లైనా చిగురేస్తుందని అనేవాళ్లు. కొనుక్కెళ్లే వాళ్లు డబ్బులిచ్చాక, అమ్మా నీ చేత్తోనే కుండీలో పెట్టివ్వు అని నిలబడేవాళ్లు. అటువంటి ఆవిడ మొక్కలకి ఆకుల అంచులు మాడటం మొదలైంది. గులాబీ అంట్లు బతకలేదు. నిమ్మమొక్కలు చిగురేసి, ఆ చిగురుతోనే ఎండిపోయాయి. అక్క మట్టి మార్చింది, ఎరువు మార్చింది, విత్తనాలు ఇచ్చే వాణ్ణి మార్చింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, మొహమాటపడుతూ, నీ నీళ్లేమన్నా ఇటు దిగుతున్నాయేమో ఒక్కసారి చూడరా అంది. నాకు కోపం వచ్చింది. చెయ్యి పట్టుకుని మీటరు దగ్గరికి తీసుకుపోయి, పచ్చదీపం చూపించి, కళ్లుంటే చూసుకో అన్నాను. అక్క చూసింది. తప్పుగా అనుకోకురా, బుర్ర పనిచెయ్యక అడిగాను అంది. అయ్యా, తప్పు నాదైతే ఆవిడ నన్ను మన్నించమంది. నేను పెద్దమనిషిలా మన్నించాను.

6. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వీధిలో గుసగుసలు ఆగాలని నేనే తమరికి వ్రాసి తనిఖీ చేయించితిని. "పరిశ్రమ నుండి వెలువడు నీరు వర్ణరహితము, నిర్దుష్టము. సాగుదారు తన పద్ధతులను సరిచూసుకొనవలెను" అని తమరి జవాబు వచ్చింది. దాన్ని నేనే పట్టుకెళ్లి అక్కకి గొంతెత్తి చదివి వినిపించాను. పద్ధతులంటే ఏంట్రా అని అడిగింది. నువ్వు చేసే తీరు అక్కా అన్నాను. ఆవిడ తన చేతులు తిప్పి చూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

7. తాగడానికి మా వీధిలో అందరం డబ్బానీళ్లే కొనుక్కుంటాం. కనుక ఆ బావి నీళ్లు నోట పోసుకుని ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. మొన్న వేసవిలో అక్క ఇంటికి వెళ్లినప్పుడు దాహమేసింది. డబ్బా ఖాళీగా ఉంది, ఇంకోటి వచ్చేదాకా ఆగమంది. నేను ఆగక బావినీళ్లు ముంచుకుని ఒక గుక్క నోట పోసుకున్నాను. ఆ రుచి నాకు కొత్త కాదు. తొట్టి దగ్గర పనిచేస్తూ మోచేత్తో మూతి తుడుచుకున్నప్పుడల్లా పెదాలకి తగిలే ఉప్పూ చేదూ అది. నా షెడ్డు రుచి. రంగు మాత్రం లేదు, రంగుని మా మిషను శుభ్రంగా తీసేసింది. ఆ గుక్క మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడ్డాను.

8. ఆ పూటే అక్కకి చెప్పాను. బావి చెడగొట్టింది నేనేనక్కా, నీ చేతిలో ఏ లోపమూ లేదన్నాను. నమ్మలేదు. ఆఫీసువాళ్లు పరికరాలు పెట్టి చూసి రాసింది అబద్ధమూ, నువ్వు గుక్కెడు తాగి చెప్పింది నిజమూనా అంది. నన్ను ఊరడించడానికి ఇంత కథ అల్లావా అని నవ్వి, నా తల నిమిరింది. నేను ఎంత గట్టిగా చెప్తే అంత ప్రేమగా చూసింది. మర్నాడు షెడ్డు మూసేశాను. అది చూసి, నా కోసం పొట్ట మీద కొట్టుకుంటావేంరా అని చీవాట్లు పెట్టింది. నేను వదులుకున్న నూలంతా పక్కవీధి షెడ్లకి పోయింది. వాళ్లకీ అదే మిషను, అదే పచ్చదీపం, వెనకాల అలాంటి గుంతే. నేను ఉప్పు పోయడం మానేసి వేసవి, వానలు రెండూ దాటాయి. బావి రుచిలో ఏ మార్పూ లేదు.

9. ఇది ఏ నిబంధన కిందకి వస్తుందో నాకు తెలియదు గనుక ఊరికే రాస్తున్నాను. మా అమ్మాయి ప్రసవించింది. ఆడపిల్ల. మా అమ్మాయిని సైతం పెంచింది అక్క చేతులే, అందుకని అది బిడ్డని ఎవరికీ ఇవ్వకుండా ముందు అత్త ఎత్తుకోవాలని పట్టుబట్టింది. అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. నా చెయ్యి ఇప్పుడు మంచిది కాదు. ఏది పట్టుకున్నా మాడిపోతోంది. ఇక్కణ్ణుంచే చూస్తాలే."

మా అమ్మాయి ఏడ్చింది. మా ఆవిడ, వదినా అదేం మాట అని చెయ్యి పట్టుకుని లాగింది. అక్క కదల్లేదు. ఈరోజుకీ ఆ బిడ్డని ముట్టుకోలేదు. రోజూ వస్తుంది, గుమ్మంలో కూర్చుంటుంది, పాపతో కబుర్లు చెప్తుంది, చేతులు ఒళ్లో కట్టేసుకుంటుంది. పాప ఏడిస్తే, ఎవరైనా ఎత్తుకోండే అని కేకేస్తుంది. అయ్యా, నేను నీళ్లనే కాదు, మనిషిని కూడా చెడగొట్టాను. ఈ మాట రాయడానికే ఇంత పొడుగు అర్జీ రాశాను.

10. మిషన్ల ఏజెంటుని పిలిపించాను. ఉప్పుని కూడా తీసే కొత్త మిషను ఉందన్నాడు. తీసిన ఉప్పు ఏమవుతుందని అడిగాను. పక్కన కుప్ప పోస్తుందన్నాడు. కుప్పని ఏం చెయ్యాలన్నాను. వానకి తడవకుండా చూసుకోమన్నాడు. ఎన్నాళ్లు చూసుకోవాలంటే నవ్వేశాడు. సరే, చెడిపోయిన బావిని బాగుచేసే మిషను ఉందా అన్నాను. అలాంటిది వచ్చే ఏడు రావచ్చండీ, వస్తే మీకే ముందు ఫోన్ చేస్తానన్నాడు. మంచివాడే పాపం. పాత మిషను పెట్టించినప్పుడు నేను జనానికి చెప్పిన మాటలే ఇప్పుడు నాకు చెప్పాడు.

కావున తమరిని ప్రాధేయపడునది ఏమనగా:

నా యోగ్యతాపత్రమును రద్దు చేయవలెను. గోడకి తగిలించిన దాన్ని నేనే దించి దీనితో జతచేయుచున్నాను. చట్టంలో ఉన్న శిక్ష ఏదైనా సరే విధించవలెను, బేరమాడను.

తమరు స్వయంగా వచ్చి, మీటరు అవతల పెట్టి, ఆ బావినీళ్లు ఒక గుక్క నోట పోసుకొనవలెను. ఆ తర్వాత పక్కవీధి షెడ్లకి కూడా వెళ్లవలెను. వాళ్ల గోడల అవతల కూడా ఎవరివో బావులుంటాయి.

అన్నిటికంటే ముఖ్యముగా, బావి చెడినది తమ్ముడి షెడ్డు వలననే గాని అక్కగారి చేతి వలన కాదని ఒక కాగితం ఇప్పించవలెను. అందులో వర్ణరహితము వంటి మాటలు వద్దు. మా అక్క తనంతట తాను చదువుకుని అర్థం చేసుకునేటట్టు ఉండాలి. ముద్ర మాత్రం పెద్దదిగా, స్పష్టంగా వేయించవలెను. చెయ్యి మంచిదని రాసే అధికారం తమరి శాఖకు లేదని గుమాస్తాగారు అనవచ్చు. చెయ్యి మంచిది కాదని అనిపించే అధికారం ఉన్నప్పుడు ఇదీ ఉంటుందని నా మనవి.

నా మాట మా అక్క చిత్తానికి ఎక్కలేదు. తమరైనా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇన్నాళ్లూ మరీ విధేయుడు,
అద్దకం షెడ్డు యజమాని

తా.క.: అయ్యగారికి నమస్కారాలు. నేను ఈ అబ్బాయి అక్కని. వీడు కవరు కోసం బజారుకెళ్తే బల్ల మీద కాగితం చూసి చదివాను. వీడి మాటలు పట్టించుకోకండి. చిన్నప్పుడు కూడా నా చేతిలోంచి కుండ జారి పగిలితే, నాన్న వచ్చేలోగా వీడు ముక్కల మధ్యకి పోయి నిలబడేవాడు. వీడి నీళ్లు మంచివని మీరే రాశారు, నేను విన్నాను. షెడ్డు తెరుచుకోమని మీరొక ముక్క రాయండి, పెద్దవాళ్లు మీరు చెప్తే వింటాడు. పనివాళ్లు దిగాలుగా తిరుగుతున్నారు. నాకు వయసు మీద పడింది, చెయ్యి మారింది. దానికి వాడేం చేస్తాడు. వాడికి శిక్షలవీ వెయ్యకండి.

మరొక మనవి: అయ్యా, పై రాత మా అక్కది. కొట్టేద్దామనుకుని మానేశాను, నేను చెప్పలేనిది తమరికి దాంట్లో కనపడుతుంది. పాపకి మెడ నిలిచింది, బోర్లా పడటానికి చూస్తోంది. ఇంకొన్నాళ్లు పోతే అక్క ఎత్తుకుంటానన్నా చేతుల్లో ఆగదు. కొంచెం తొందరగా రండి.